ఇయా కికె బతికే ఉంది

మంగళవారం పొద్దున పదింటికి, ఇయా కికె పోయిందంటూ వాకిట్లో ఏడుపులు మొదలైనప్పుడు, దురో బట్టల బీరువాలో కూర్చుని ఉన్నాడు. తల్లి గౌన్లు, చర్చి బట్టలు, తలకు చుట్టుకునే బిరుసు గుడ్డలు వేలాడే ఆ బీరువాయే అతని స్టూడియో. షొమోలు పేటలో కాస్త నిశ్శబ్దం కావాలంటే గుడ్డల మధ్య దూరడం తప్ప వేరే దారి లేదు. మోకాళ్ళ మీద ల్యాప్‌టాపు, మూతి ముందు సాక్సు తొడిగిన మైకు, నెత్తిమీద అమ్మ ఈస్టరు గౌను అంచు.

ఇరవై మూడేళ్ళ దురోజయెకి ర్యాప్ పాటల లోకంలో పేరు ఎంప్టీ ఫ్రిజ్. అతని పాటల్లో కార్లుండవు, బంగారు గొలుసులుండవు, నడుము తిప్పే అమ్మాయిలుండరు. పోగొట్టుకున్న గొడుగు గురించి ఒక పాట, పంటినొప్పి గురించి ఒక పాట. అన్నీ గొంతులోనే గొణుక్కుంటూ, సగం మాటలు మింగేస్తూ పాడతాడు. అది శైలి అని అతను అంటాడు. జలుబు అని వాళ్ళమ్మ అంటుంది.

అతను బయటికి వచ్చేసరికి, గేటు పక్కన మిరపకాయల మర దగ్గర పై వీధి ఆవిడ ఒకతె నేలమీద కూలబడి రొమ్ము బాదుకుంటోంది. మిరపకాయల బేసిను చంకన పెట్టుకుని, ఆ మర నడిపే ఇయా కికె స్వయంగా వంగి ఆమెను ఓదారుస్తోంది.

"ఊరుకో తల్లీ, ఊరుకో. అందరం పోయేవాళ్ళమే. ఇంతకీ పోయిందెవరు?"

ఆ మనిషి తలెత్తి చూసింది. చూసి, కెవ్వున కేకపెట్టి, చెప్పులు అక్కడే వదిలేసి గేటు దాటి పరుగు తీసింది.

గేటుకి బయటివైపు, ఇంకా తడి ఆరని పోస్టరు ఉంది. నల్ల అంచు, నాలుగు మూలలా కొవ్వొత్తులు, మధ్యలో మర మీదికి వంగి కట్టెతో మిరపకాయలు నెడుతున్న ఇయా కికె బొమ్మ. పైన 'మహిమలోకి పిలుపు' అని పెద్దక్షరాలు. కింద 'డెబ్బై ఎనిమిదేళ్ళ నిండు జీవితం'. ఇంకా కింద, శనివారం సాయంత్రం నాలుగింటికి యాబాలోని హాలు చిరునామా, 'వచ్చినవారందరికీ విందు కలదు' అన్న మాట. అన్నిటికంటే అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో 'ఎంప్టీ ఫ్రిజ్' అని ఉంది.

ఇయా కికె కూడబలుక్కుంటూ పైనుంచి కిందిదాకా చదివింది. రెండు చేతులూ తల చుట్టూ తిప్పి చిటికెలు వేసి చావుని అవతలికి విసిరేసింది. తర్వాత మళ్ళీ వెనక్కి వెళ్ళి మధ్య వరస చదివింది.

"డెబ్బై ఎనిమిదా?" అంది. "చంపితే చంపారు. పదిహేడేళ్ళు ఎందుకు కలిపారు?"

పోస్టరు దురోదే. శనివారం సభ కూడా తనదే. ఇన్నాళ్ళూ పదిమందిలో ఒకడిగా రెండేసి పాటలు పాడి దిగిపోయేవాడు. తన పేరుమీద జరుగుతున్న మొదటి సభ ఇది.

నెల కింద ఒకరోజు, మూడు నిమిషాలు మర ఆపమ్మా, పాట పాడుకోవాలి అని ఇయా కికెని అడిగాడు. ఆవిడ మర ఆపింది. ఆపి, కిటికీలోంచి ఏడు నిమిషాలు దులిపేసింది. బీరువాలో మైకు తెరిచే ఉంది. అందులోంచి ఒక ముక్క తీసి దురో తన పాట మధ్యలో పెట్టాడు. 'మాట నోట్లో ఎందుకురా దాచుకుంటావు? ఎవరైనా ఎత్తుకుపోతారనా? దేవుడిచ్చిన నోరు, తెరువు! నీకే చెప్తున్నా. వింటున్నావా?' ఆ పాట ఫోన్లలో ఇల్లిల్లూ తిరిగింది. అతను పాడింది ఎవరికీ గుర్తులేదు కాని, 'వింటున్నావా?' మాత్రం బస్సు కండక్టర్ల దగ్గర్నుంచి అందరి నోటా నానుతోంది. ఆ గొంతు ఎవరిదని రేడియోవాళ్ళు అడిగారు. మా వాకిట్లో మిరపకాయలు రుబ్బే ఆవిడది అంటే ఏం గొప్పగా ఉంటుంది? "మా నాయనమ్మది. ఆవిడ ఇప్పుడు లేదు" అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా కాసేపు మౌనంగా ఉండిపోయారు. ఆ మౌనం అతనికి మహా నచ్చింది.

"అమ్మా," అన్నాడు దురో ఇయా కికెతో, ఎప్పటిలాగే సగం మాట మింగి. "అది చావు పోస్టరు కాదు. కళ."

"ఏమంటున్నాడు వీడు?"

అప్పటికే వాళ్ళమ్మ వచ్చింది. పోస్టరు చదివింది, కొడుకు మొహం చదివింది. "నేలమీద పడు," అంది.

దురో బోర్లా సాగిలపడ్డాడు. మర దగ్గర నేల ఎప్పుడూ మిరప నీళ్ళతో తడిగా ఉంటుంది. పల్చటి బనీను గుండా మంట ఛాతీకి ఎక్కుతుంటే, ఉన్నదంతా చెప్పేశాడు, రేడియో సంగతితో సహా. ఇయా కికె సగంలో ఆపి రెండుసార్లు "గట్టిగా చెప్పు" అంది.

మొత్తం విన్నాక ఆవిడ అరవలేదు. అదే అందరినీ భయపెట్టింది.

"శనివారం నీ పాటలున్నాయి కదూ," అంది నెమ్మదిగా. "ఈ కాగితం ఎన్ని గేట్లకి అంటించారో అన్ని గేట్లకీ నువ్వే వెళ్ళు. కాగితం చింపి, ఇంటివాళ్ళని బయటికి పిలిచి, ఇయా కికె బతికే ఉందని నీ నోటితో చెప్పు. ఒక్క గేటు మిగిలినా మైకు ముట్టుకోకు. ముట్టుకున్నావో, నేను నోరు తెరుస్తాను. పెద్దదాన్ని. నా నోట్లోంచి ఏం వస్తే అది జరుగుతుంది."

శాపం మాట వినగానే దురో తల్లి అడ్డం వచ్చింది. "వెళ్తాడమ్మా," అంది. "ఇప్పుడే వెళ్తాడు."

*

అతను ముందుగా వెళ్ళింది ప్రెస్సుకి. తోడు ఎబుబె వచ్చాడు. ఎబుబె అతని స్నేహితుడు, మేనేజరు, బొమ్మలు గీసేవాడు, సైజు సరిపోని నల్లకళ్ళద్దాలవాడు. చావు పోస్టరులాంటి పోస్టరు అన్న ఆలోచన అతనిదే.

ప్రెస్సు యజమాని బాబా ఒలుకోటున్ చేతులకి సిరా పూసుకుని కూర్చున్నాడు. తప్పు జరిగిందంటే ఒప్పుకోలేదు.

"అచ్చం చావు పోస్టరులా ఉండాలన్నావా లేదా?"

"అన్నాను సార్," అన్నాడు ఎబుబె. "కానీ డెబ్బై ఎనిమిదేళ్ళని ఎవరు రాయమన్నారు? విందు అని ఎవరు రాయమన్నారు?"

"వయసు వెయ్యడం మరిచిపోయావు. మొహం చూసి నేను వేశాను. విందు మరిచిపోయావు, అదీ వేశాను. ఇరవై రెండేళ్ళుగా పోయినవాళ్ళకి పోస్టర్లు వేస్తున్నాను నాయనా. వయసు లేని చావు, అన్నం లేని చావు నా ప్రెస్సులోంచి బయటికి పోలేదు. మా కుర్రాళ్ళు గేటు గేటుకీ అంటించొచ్చారు కూడా. నూటయాభై. ఆలస్యం చేస్తే చనిపోయినవాళ్ళకి మర్యాద కాదని."

ఎబుబె కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. బాబా ఒలుకోటున్‌ది మాత్రం పని తెలిసినవాడి ధీమా.

*

బుధవారం పొద్దున్నే దురో గోకుడు చాకు, నీళ్ళ బకెట్టు పట్టుకుని మొదటి గేటు తట్టాడు. గళ్ళలుంగీ కట్టుకున్న పెద్దాయన తలుపు తీశాడు.

"నమస్కారమండీ. ఇయా కికె బతికే ఉంది," అని గొణిగాడు దురో.

"ఎవరు పోయారు?"

"ఎవరూ పోలేదండీ."

"మరి ఎందుకు ఏడుస్తున్నావు?"

"ఏడవట్లేదండీ. నా గొంతే ఇంత."

"పాపం," అన్నాడు ఆయన. "నీకు ఏమవుతుంది ఆవిడ? లోపలికి రా, మంచినీళ్ళు తాగు."

మూడో ఇంట్లో అతని చేతిలో రొట్టె పెట్టి ధైర్యం చెప్పారు. ఐదో ఇంట్లో ముగ్గురు ఆడవాళ్ళు అతన్ని చుట్టుముట్టి ప్రార్థన మొదలుపెట్టారు. ఆమెన్ అన్న ప్రతిసారీ అతను "బతికే ఉంది" అంటున్నాడు, వాళ్ళు "అవును నాయనా, ప్రభువు దగ్గర" అంటున్నారు. మధ్యాహ్నానికి పద్దెనిమిది గేట్లయ్యాయి. పేటలో ఇయా కికె చావు మునుపటికంటే గట్టిపడింది.

సాయంత్రం వాకిట్లోకి వచ్చేసరికి మర ఆగి ఉంది. ఇయా కికె స్టూలు మీద ఖాళీగా కూర్చుంది. పక్కన టొమాటోల బుట్టలు లేవు, ఉల్లిపాయల గిన్నెలు లేవు. పోయినావిడ మరలో రుబ్బిన మిరపకాయలు ఎవరు తింటారు? అందరూ మలుపు దగ్గరి మరకి పోతున్నారు. దురో కదిలేవరకు ఆవిడ అతన్ని చూడలేదు. చూసి, మళ్ళీ మర వైపు తిరిగింది. తిట్టి ఉంటే బావుండుననిపించింది దురోకి. ముప్పై ఏళ్ళుగా ఆ మర పగలంతా ఆగడం ఈ వాకిలి ఎరగదు. దాన్ని ఆపినవాడు తనే.

గురువారం అతను మాట మింగడం మానేశాడు. మానలేక మానలేక మానేశాడు. గేటు ముందు కాళ్ళు ఎడంగా పెట్టి, పొట్టలోంచి గాలి తీసి, ఒక్కొక్క మాటా విడగొట్టి కొట్టాడు. "ఇయా కికె బతికే ఉంది! మర తిరుగుతోంది! మిరప ఘాటుగానే ఉంది! వయసు అరవై ఒకటే!" వయసు ముక్క ఇయా కికె చెప్పి పంపినది. ఆ వరసకి ఒక ఊపు కుదిరింది. మెకానిక్ షెడ్డు దగ్గర స్పానరుతో తాళం వేశారు. నలభయ్యో గేటు దగ్గర, తలుపు తీయకముందే లోపల్నుంచి ఎవరో, "తెలుసులేవయ్యా, బతికే ఉంది!" అని అరిచారు. జీవితంలో మొదటిసారి దురో పాడింది ఒక మనిషికి గోడ అవతలినుంచి అర్థమైంది. ఆ ఆనందం ఎవరికైనా చెప్పుకుందామంటే సిగ్గేసింది.

"కానీ," అని ఆ గొంతే అడిగింది, "విందు ఉన్నట్టా లేనట్టా?"

"లేదండీ!"

"అదేం బతకడమయ్యా!"

*

శుక్రవారం మధ్యాహ్నానికి పదకొండు గేట్లు మిగిలాయి. మర మళ్ళీ తిరుగుతోంది, ముందు నలుగురు నిలబడి ఉన్నారు. నీళ్ళు తాగడానికి వచ్చిన దురో బకెట్టు కింద పెట్టాడో లేదో, గేట్లోంచి ఒక మేక వచ్చింది. మేక వెనక తాడు, తాడు వెనక దుమ్ముకొట్టుకుపోయిన తెల్ల అంగీతో ఒక మనిషి వెక్కివెక్కి ఏడుస్తూ వచ్చాడు. ఇసెయిన్ ఊళ్ళో ఉండే ఇయా కికె తమ్ముడు అకాన్ని.

మర మీదికి వంగి ఉన్న అక్కని చూసి అతని ఏడుపు ఠక్కున ఆగింది. ఆ వెంటనే కోపం వచ్చింది.

"ఆరు గంటలక్కా! నీ చావు విందుకని ఆరు గంటలు బస్సులో మేకని ఒళ్ళో పెట్టుకుని వచ్చాను! బతికుంటే బతికున్నానని ఒక్క మాట చెప్పొద్దూ?"

"నాకేం తెలుసురా నీకు తెలిసిందని? నువ్వే ఒక్క ఫోను చెయ్యొచ్చు కదా?"

"ఎవడో ఆ పోస్టరు నా ఫోనుకి పంపాడు. చచ్చిపోయినవాళ్ళకి ఎవరైనా ఫోను చేస్తారా అక్కా?"

ఇయా కికె కొంగుతో తమ్ముడి తలమీద దుమ్ము దులిపింది. దురో వచ్చి అకాన్ని ముందు సాగిలపడ్డాడు. మూడు రోజుల్లో ఆ విద్యలో కూడా ఆరితేరాడు. సంగతంతా విన్నాక అకాన్ని చెయ్యి చాచాడు.

"ఏదీ, మా అక్కని చంపిన ఆ పాట వినిపించు."

"ఇక్కడొద్దు," అంది ఇయా కికె. "నన్ను చంపిన పాట నేను వినను." నాలుగు రోజులుగా ఆవిడది అదే మాట. పాట ఊరంతా విన్నది, ఆవిడ తప్ప.

"నువ్వు వినకు. నేను వింటాను."

దురో ఫోను తీసి మీట నొక్కాడు. ముందు అతని గొణుగుడు నడిచింది. అకాన్ని మర్యాదకోసం తల ఊపాడు. తర్వాత వాయిద్యం ఆగి, ఆ గొంతు వచ్చింది. 'మాట నోట్లో ఎందుకురా దాచుకుంటావు?'

మిరపకాయలు నెడుతున్న కట్టె మరలో నిలిచిపోయింది. ఇయా కికె మీట తిప్పి ఇంజను ఆపేసింది. 'నీకే చెప్తున్నా. వింటున్నావా?'

అకాన్ని ఫోను దగ్గరికి వంగాడు.

"అక్కా," అన్నాడు అకాన్ని. అతని గొంతు చిన్నపిల్లాడిదయింది. "ఇది అమ్మ."

ఇయా కికె చేతులు కొంగుకి తుడుచుకుంది. సరిగా తుడుచుకోలేదు, ఫోను అందుకుంటే దాని అద్దం మీద ఎర్రటి వేలిముద్రలు పడ్డాయి. ఆ ముక్క మళ్ళీ పెట్టమంది. మూడోసారి పెట్టమంది.

"నేను ఇలా మాట్లాడతానా?" అని అడిగింది దురోని.

"ఎప్పుడూ ఇలాగే మాట్లాడతారమ్మా."

"ఇది నా గొంతు కాదురా. మా అమ్మది. నూలు వడుకుతూ, తలెత్తకుండా, ఇలాగే తిట్టేది. చివర్లో వింటున్నావా అని అడిగేది. విన్నానని చెప్పేదాకా వదిలేది కాదు." ఆవిడ స్టూలు మీద కూర్చుంది. "అమ్మ పోయినప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. నలభై రెండేళ్ళయింది. ఆ గొంతు మరిచిపోయాననుకున్నాను. నా గొంతులోనే ఉందన్నమాట."

"వానలో పాతిపెట్టాం," అన్నాడు అకాన్ని. "మోసినవాళ్ళు నలుగురే. ఆ నలుగురికి కూడా ముద్ద అన్నం పెట్టలేకపోయాం."

దురో బకెట్టు వంక చూస్తూ నిలబడ్డాడు. గొప్పగా వినిపిస్తుందని రేడియోలో ఒక చచ్చిపోయిన ముసలమ్మని కల్పించి చెప్పాడు. ఆ ముసలమ్మ నిజంగానే ఉంది, ఇన్నాళ్ళూ తన పేరున అన్నం పెట్టేవాళ్ళు లేక ఎదురు చూస్తోంది. అతనికి చాలా సిగ్గేసింది.

"తప్పు చేశానమ్మా."

"తప్పు మనిషి పేరు చెప్పావు, అంతే," అంది ఇయా కికె, లేచి కొంగు బిగిస్తూ. ఆవిడ చూపు మేక మీద పడింది, ఆ తర్వాత మర మీద, ఆ తర్వాత ఇంటి వెనక చర్చివాళ్ళ పెద్ద దాకలు బోర్లించి ఉన్న చోటు మీద. "రేపటి హాలు ఎంతమందికి సరిపోతుంది?"

"మూడు వందలమందికి. నాకు నలభైమంది వస్తే ఎక్కువ."

"ఆ పదకొండు గేట్లు ఉండనీ. చింపినవాటి దగ్గరికి మళ్ళీ వెళ్ళు."

"మళ్ళీనా! వెళ్ళి ఏం చెప్పను?"

"పోయారని చెప్పు. నేను కాదు, మా అమ్మ అషాబి అని చెప్పు. విందు ఉందని చెప్పు." ఒక్క క్షణం ఆగింది. "గట్టిగా చెప్పు."

*

శనివారం నాలుగింటికి యాబా హాల్లో ముందు మూడు వరసల్లో ఎంప్టీ ఫ్రిజ్ అభిమానులు ముప్పై ఆరుమంది, చిరిగిన జీన్సులతో, దిగులుగా కూర్చున్నారు. వాళ్ళ వెనక షొమోలు పేటంతా కూర్చుంది. పోయిన ఏడాది చర్చి పంటల పండగకి కుట్టించుకున్న ఊదారంగు బట్టలు, ఆకాశాన్ని అందుకునే తలగుడ్డలు, గళ్ళలుంగీ పెద్దాయన, స్పానరు మెకానిక్కులు, చెప్పులు వదిలి పారిపోయిన పై వీధి ఆవిడ. హాలు వెనక కట్టెల పొయ్యిల మీద టొమాటోలతో ఎర్రగా జొలోఫ్ అన్నం ఉడుకుతోంది. పొద్దున్నించి ఇయా కికె ఆ అన్నానికి తనే మిరపకాయలు రుబ్బింది. ఆ ఘాటుకి ఎబుబె నల్లకళ్ళద్దాల కింద కళ్ళు తుడుచుకుంటూ తలుపు దగ్గర నిలబడ్డాడు. చావుకి తగ్గట్టు ఏడుస్తున్నాడని బాబా ఒలుకోటున్ అతని భుజం తట్టాడు.

దురో గొడుగు పాట మొదలుపెట్టాడు. పాత అలవాటు కొద్దీ రెండో వరసలో మాట మింగాడు.

"అబ్బాయ్, వినబడ్డం లేదు!" అన్నాడు గళ్ళలుంగీ పెద్దాయన.

అభిమానులు వెనక్కి తిరిగి చురచురా చూశారు. దురో ఆగాడు. కాళ్ళు ఎడంగా పెట్టాడు. నూట ముప్పై తొమ్మిది గేట్ల ముందు పెట్టినట్టే పెట్టాడు. గొడుగు పోగొట్టుకున్నవాడి కష్టమంతా ఒక్కొక్క మాటగా హాలు వెనక గోడకి తగిలింది. పై వీధి ఆవిడ, "అయ్యో, బస్సులోనే మరిచిపోయాడే!" అంది. ముప్పై ఆరుమంది అభిమానులు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఆ పాట గొడుగు గురించని వాళ్ళకీ ఇప్పుడే తెలిసింది.

ఆఖరి పాటకి ముందు అతను మైకు దగ్గరికి జరిగాడు.

"ఈ గొంతు మా నాయనమ్మదని రేడియోలో చెప్పాను. అబద్ధం. ఇది ఇసెయిన్‌లో నూలు వడికిన అషాబిది. ఆవిడ పోయి నలభై రెండేళ్ళయింది. ఆవిడ కూతురి నోటినుంచి మనకి వచ్చింది. ఆ కూతురి పేరు డోర్కస్ అబెకె, ఇయా కికె అంటే మీకందరికీ తెలుసు. బతికే ఉంది."

"వయసు!" అంది నాలుగో వరసలోంచి ఇయా కికె.

"అరవై ఒకటి!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆ నవ్వు సద్దుమణగకముందే పాట మొదలైంది. దురో పాడాడు, వాయిద్యం ఆగింది, పెద్ద స్పీకర్లలోంచి ఆ గొంతు వచ్చింది. ఫోన్లో విన్నదానికి పదింతలుంది. 'మాట నోట్లో ఎందుకురా దాచుకుంటావు?'

ఇయా కికె వరస దాటి నడవలోకి వచ్చింది. ఊదారంగు బట్టలు నలుగుతాయని చూసుకోకుండా, కన్నతల్లి ముందు కూతురు చేసినట్టు, రెండు మోకాళ్ళ మీద వంగింది. ఆవిడ పక్కన అకాన్ని తెల్ల అంగీతో నేలమీద బోర్లా పడుకున్నాడు. నవ్వుతున్నవాళ్ళు నవ్వు మానేశారు. గళ్ళలుంగీ పెద్దాయన టోపీ తీశాడు.

'దేవుడిచ్చిన నోరు, తెరువు! నీకే చెప్తున్నా. వింటున్నావా?'

ఊళ్ళో ఎక్కడ ఆ ముక్క వినబడ్డా జనం కూడా కలిసి అరుస్తారు. ఈసారి ఎవరూ అరవలేదు. ఇయా కికె తల వంచుకునే ఉంది. నోరు మాత్రం పూర్తిగా తెరిచింది.

"వింటున్నానమ్మా," అంది.